రాణి నోటి దాకా

పోయిన ఏప్రిల్లో ఒక శనివారం పొద్దున అత్తయ్యగారు టెక్సస్‌లోని మా ఇంటి పెరట్లోంచి కేకేశారు. "అమ్మాయ్, ఒకసారి ఇటు రా. నిన్న సాయంత్రం లేదు, తెల్లారేసరికి ఇక్కడ మన్ను పొంగింది." రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. బీర పాదు కోసం కట్టిన చెక్క మడికి మూరెడు దూరంలో, గడ్డి మధ్య, జల్లెడ పట్టిన మట్టి తెచ్చి పోసినట్టు ఒక కుప్ప. జానెడు ఎత్తు కూడా లేదు. పైన కన్నం లేదు, చుట్టూ ఒక్క చీమా లేదు. నేను గుమ్మం దిగేలోపే ఆవిడ చేతిలో ఉన్న పందిరి పుల్లతో దాన్ని కదిపారు. చెప్పులు మెట్టు దగ్గర విడిచి, ఉత్త కాళ్ళతో తడి గడ్డిలో నిలబడి ఉన్నారు. తెనాలిలో నలభై ఏళ్ళుగా మొక్కలకి నీళ్ళు పోసింది అలాగే.

పాలు పొంగినట్టు వచ్చాయి చీమలు. ఎర్రగా, చిన్నగా, పుల్ల వెంట కొన్ని, పాదాల మీదికి కొన్ని. ఆవిడ కిందికి చూసుకునేసరికే చీలమండల దాకా ఎక్కేశాయి. నేను నీళ్ళ గొట్టం తిప్పి కాళ్ళ మీద ధారగా కొట్టాను. అది తప్పని తరవాత తెలిసింది. ఈ చీమ ముందు దవడలతో చర్మాన్ని కరిచి పట్టుకుంటుంది. ఆ పట్టు వదలకుండా వెనక ఉన్న కొండితో కుడుతుంది, ఒళ్ళు కాస్త తిప్పి మళ్ళీ కుడుతుంది. కుట్టిన గుర్తులు ఒక్కోచోట చిన్న వలయంలా కనిపించేది అందుకే. నీళ్ళకి ఆ పట్టు ఊడదు. గుడ్డ తీసుకుని గట్టిగా తుడిచెయ్యాలి, చేత్తో గబగబా దులిపెయ్యాలి. మర్నాటికి కుడి పాదం మీద 11, ఎడమ పాదం మీద 7 తెల్లటి చీము పొక్కులు లేచాయి. ఆవిడకి షుగర్ ఉంది. ఆ పొక్కులు మానేదాకా మా ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు.

ఇది రాస్తున్నది అందుకే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. ఎండలు ముదరకముందే ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేరు. పెరట్లోకి దిగి గోంగూర, బెండ, బీర పెడతారు. పిల్లలు ఆడేదీ ఆ గడ్డిలోనే. ఫైర్ యాంట్ అనే ఈ చీమ ఉండేదీ ఆ గడ్డిలోనే. ఆ ఏడు మేం చేసిన తప్పులు, వెతికి చదివి తెలుసుకున్న కారణాలు, చివరికి పని చేసిన పద్ధతి, అన్నీ ఓపిగ్గా చెప్తాను.

మొదట ఇది మన ఊరి చీమ కాదని తెలుసుకోవాలి. మామిడి కొమ్మల్లో ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమ కరుస్తుంది గానీ దానికి కుట్టే కొండి లేదు. కరిచిన చోట ఆమ్లం చిమ్ముతుంది, కాసేపు మండి తగ్గిపోతుంది. మన నేలలో ఉండి కుట్టే ఎర్ర చీమల్లో ఒకటైన సొలెనాప్సిస్ జెమినాటా మాత్రం ఈ ఫైర్ యాంట్‌కి దగ్గర చుట్టమే. అదీ అమెరికా ఖండం నుంచి వచ్చి మన దేశంలో స్థిరపడినదే. టెక్సస్ పెరళ్ళలో ఉన్నది సొలెనాప్సిస్ ఇన్విక్టా. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలో పరాగ్వే, పరానా నదులు పారే ప్రాంతం. 1930ల్లో ఓడల వెంట వచ్చి అలబామా రాష్ట్రంలోని మొబీల్ రేవులో దిగింది. 1942లో ఆ రేవు దగ్గర ఒక ఖాళీ స్థలంలో దీని పుట్టని గుర్తించినవాడు 13 ఏళ్ళ కుర్రవాడు. పెద్దయ్యాక చీమల శాస్త్రానికే పెద్ద పేరైన ఎడ్వర్డ్ విల్సన్ అతనే. 1972లో విలియం బ్యూరెన్ అనే శాస్త్రవేత్త దీనికి ఇన్విక్టా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకి ఓటమి ఎరగనిది అని అర్థం. అప్పటికి పదిహేనేళ్ళుగా అమెరికా ప్రభుత్వం దీని మీద యుద్ధం చేస్తూ ఉంది. ఆ కథకి మళ్ళీ వస్తాను.

పుట్టని చూసి చీమని గుర్తుపట్టవచ్చు. ఫైర్ యాంట్ పుట్ట గుల్లగా, గుమ్మటంలా ఉంటుంది, నడినెత్తిన కన్నం ఉండదు. రాకపోకలన్నీ నేల కిందనే, గడ్డి వేళ్ళ లోతులో నలువైపులా మీటర్ల కొద్దీ సాగే సొరంగాల గుండా జరుగుతాయి. కదిపితే క్షణాల్లో పైకి పొంగుతాయి. ఒకే పుట్టలో చిన్నా పెద్దా అన్ని సైజుల చీమలూ కనిపిస్తాయి. టెక్సస్‌లోనే హార్వెస్టర్ అని ఇంకో పెద్ద ఎర్ర చీమ ఉంది. అది కన్నం చుట్టూ గడ్డి అంతా కొరికేసి గుండ్రంగా కళ్ళంలా నేల చదును చేసుకుంటుంది. అది ఇక్కడి నేల బిడ్డ. టెక్సస్ తన రాష్ట్ర సరీసృపంగా గౌరవించుకునే కొమ్ముల బల్లికి ప్రధానమైన తిండి ఆ చీమే. దాని జోలికి వెళ్ళకండి.

వాన వెలిసిన మర్నాడే పుట్టలు ఎందుకు లేస్తాయంటే, మనం పుట్ట అనుకునేది గూటికి పైకప్పు మాత్రమే. అసలు గూడు కింద అడుగుల లోతున ఉంటుంది. నేల తడిసి ముద్దయినప్పుడు గుడ్లనీ పిల్లల్నీ తడి లేని చోటికి, వెచ్చని చోటికి చేర్చడానికి మట్టి పైకి తోసి ఈ మేడ కడతాయి. చలి పొద్దుల్లో ఎండ సోకే వైపుకి పిల్లల్ని మోసుకొస్తాయి. ఆగస్టు ఎండల్లో నేల బీటలు వారినప్పుడు అన్నీ లోతుకి దిగిపోతాయి, పైన ఒక్క పుట్టా కనబడదు. చీమలు పోయాయనుకుని మనం ఊపిరి పీల్చుకుంటాం. అవి ఎక్కడికీ పోవు. బాగా ఎదిగిన గూట్లో 2 లక్షలకి పైగా చీమలు ఉండగలవు. రాణి రోజుకి 1,500 దాకా గుడ్లు పెట్టగలదు, ఆరేడేళ్ళు బతకగలదు. కొన్ని గూళ్ళలో ఒక రాణి, కొన్నింట్లో పదుల కొద్దీ రాణులు. లోపల రాణి ఉన్నంతకాలం పైన ఎన్ని చీమలు చచ్చినా ఆ లెక్క వారాల్లో నిండిపోతుంది.

ఇది తెలియక మొదటి వారం నేను అందరూ చేసేదే చేశాను. రెండు పెద్ద గిన్నెల నిండా నీళ్ళు మరగబెట్టి పుట్ట మీద పోశాను. రెండు రోజులు చప్పుడు లేదు. మూడో నాడు అక్కడికి నాలుగడుగుల దూరంలో, మడి రెండో పక్కన, కొత్త పుట్ట లేచింది. బీర పాదుల్లో రెండు, వేళ్ళు ఉడికి వాడిపోయాయి. మరిగే నీళ్ళు అసలు పని చెయ్యవని కాదు. ఒక్కో పుట్టకి సుమారు 3 గ్యాలన్లు, అంటే 11 లీటర్లు పోస్తే, పదింట ఆరు సార్లు గూడు చస్తుందని ఇక్కడి వ్యవసాయ విస్తరణ శాఖలు చెప్తాయి. చల్లటి పొద్దున ఎండ కాస్తున్నప్పుడు, పిల్లలతో పాటు రాణి కూడా పైకి వచ్చి ఉండే వేళ పోస్తే మేలు. కానీ 11 లీటర్ల మరుగు నీళ్ళు మోసుకుంటూ తడి గడ్డిలో నడవడం చీమ కుట్టడం కన్నా ప్రమాదం. పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో, పిల్లలు కాళ్ళకి అడ్డం పడే ఇంట్లో నేనైతే వద్దంటాను.

అత్తయ్యగారి పొక్కులు చూడ్డానికి వచ్చినవాళ్ళు తలో మాటా చెప్పారు. పెట్రోలు పొయ్యమన్నారు ఒకరు. పెట్రోలు పుట్టని చంపవచ్చు, దానితో పాటు గడ్డినీ మట్టినీ చంపుతుంది, భూగర్భ జలంలోకి దిగుతుంది, నిప్పు రవ్వ తగిలితే ఇంటినే తీసుకుపోతుంది. చట్టరీత్యా నేరం కూడా. సోడా పొయ్యమన్నారు ఇంకొకరు. రెండు పుట్టల్ని పారతో తవ్వి ఒకదానిలో ఒకటి కలిపితే కొట్టుకు చస్తాయన్నారు. అన్నింటికన్నా ఎక్కువమంది చెప్పింది రవ్వ. అమెరికన్లు మొక్కజొన్న రవ్వ అంటారు, మనవాళ్ళు బొంబాయి రవ్వ అంటారు. తిన్న చీమ పొట్టలో రవ్వ ఉబ్బి పగిలి చస్తుందట. ఆ మాట ఎందుకు తప్పో అర్థమైతే ఈ చీమని అదుపు చేసే దారి దానంతటదే తెరుచుకుంటుంది. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఎదిగిన చీమ గట్టి పదార్థం మింగలేదు. దాని గొంతు దగ్గర జల్లెడ లాంటి ఏర్పాటు ఉంది, ద్రవం మాత్రమే లోపలికి పోతుంది. రవ్వ పలుకు దొరికితే దాన్ని గూటికి మోసుకుపోతుంది. గూట్లో గట్టి తిండిని అరిగించగలిగేది ఒక్కరే, నాలుగో దశకి ఎదిగిన లార్వాలు. చీమలు తెచ్చిన ముక్కని ఆ లార్వాల నోటి దగ్గర పెడతాయి. లార్వాలు దాన్ని కరిగించి పలచగా చేస్తాయి. ఆ ద్రవాన్ని చీమలు తాగి, ఒకదాని నోటి నుంచి ఇంకోదాని నోటికి అందించుకుంటూ గూడంతా పంచుతాయి. అన్నం ముద్దలు కలిపి వరసగా కూర్చున్న పిల్లలందరి నోట్లో పెట్టే నానమ్మ ఒక్కరు కాదు, వేల మంది ఉన్నట్టు. చివరికి ఆ తిండి రాణి నోటి దాకా చేరుతుంది. లక్షల చీమల కాపలాలో, నేల కింద అడుగుల లోతున, మనం వేసిన ఏ మందూ తగలని చోట ఉన్న రాణికి చేరే దారి ఇదొక్కటే. ఆ దారిలో మందు పంపాలి. చీమలే మోసుకెళ్ళాలి.

ఎర మందు చేసే పని అదే. నూనె తీసేసిన మొక్కజొన్న పలుకులకి సోయా నూనె పట్టించి, ఆ నూనెలో మందు కలుపుతారు. చూడ్డానికి మన ఊళ్ళో పొలానికి వేసే గుళికల మందులా పసుపుపచ్చగా, తేలిగ్గా ఉంటుంది. ఇందులోని తెలివంతా నిదానంలో ఉంది. తిన్న చీమ వెంటనే చస్తే ఆ విందు అక్కడితో ఆగిపోతుంది. రోజో రెండు రోజులో బతికి ఉండి నలుగురికి పంచాలి. హైడ్రామిథైల్‌నాన్ అనే మందు తిండిని శక్తిగా మార్చుకునే పనిని చీమ ఒంట్లో ఆపేస్తుంది, కొన్ని వారాల్లో గూడు ఖాళీ అవుతుంది. ఇండాక్సాకార్బ్ వారం పది రోజుల్లోనే ఫలితం చూపిస్తుంది. మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ రకాలు ఎవరినీ చంపవు. రాణి పెట్టే గుడ్లు పని చీమలుగా ఎదగకుండా చేస్తాయి. పాతవి ముసలివై పోతుంటే కొత్తవి రాక గూడు నెలల మీద ఖాళీ అవుతుంది. వీటిలో ఏది కొనాలన్నది మీ ఓపికని బట్టి. మా ఇంట్లో షుగర్ ఉన్న మనిషి పెరట్లో తిరుగుతారు కాబట్టి వేగంగా పని చేసేది తీసుకున్నాను.

ఇప్పుడు ఆ ప్రభుత్వ యుద్ధం సంగతి. 1957లో అమెరికా కాంగ్రెసు డబ్బు మంజూరు చేసింది. ఈ చీమని దేశంలో లేకుండా చెయ్యాలన్నది లక్ష్యం. విమానాలు ఎక్కి దక్షిణాది పొలాల మీద, అడవుల మీద డీల్డ్రిన్, హెప్టాక్లోర్ గుళికలు కుమ్మరించారు. చీమలతో పాటు పిట్టలు, చేపలు, కోళ్ళు, పశువులు చచ్చాయి. 1962లో రేచెల్ కార్సన్ రాసిన సైలెంట్ స్ప్రింగ్ ఈ సంగతిని ప్రపంచానికి చెప్పింది. తరవాత మైరెక్స్ అనే మందు వచ్చింది. అది ఎర మందే, మొక్కజొన్న పలుకు, సోయా నూనె, ఇప్పటి పద్ధతే. చీమల మీద బాగా పని చేసింది. కానీ నేలలో ఏళ్ళ తరబడి కరగకుండా ఉండిపోయి, చేపల్లో, చివరికి మనుషుల కొవ్వులో కూడా తేలింది. 1970ల చివరికి దాన్నీ ఆపేశారు. ఇంకో నష్టం కూడా జరిగింది. విమానాల నుంచి కనబడినచోటల్లా చల్లడంతో స్థానిక చీమలు కూడా పోయాయి. ఖాళీ అయిన నేలలోకి అందరికన్నా ముందు ఎగిరి వచ్చి కాపురం పెట్టింది ఫైర్ యాంటే. ఎడ్వర్డ్ విల్సన్ ఈ మొత్తాన్ని వియత్నాం యుద్ధంతో పోల్చాడు. మన పెరడుకి ఇందులోంచి తీసుకోవాల్సింది ఒకటుంది. కనిపించిన ప్రతి చీమనీ చంపే మందు లాన్ అంతా కొట్టేవాళ్ళు ఏడాది తిరక్కుండా మళ్ళీ ఫైర్ యాంట్‌నే పిలుచుకుంటారు.

అందుకే చల్లే ముందు లెక్కపెట్టాలి. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం విస్తరణ శాఖవాళ్ళు చెప్పే లెక్క ప్రకారం పావు ఎకరానికి 5 పుట్టలు దాటితేనే పెరడంతా ఎర చల్లాలి. అంతకు తక్కువైతే ఆ పుట్టలకి మాత్రం మందు వేసి, మిగతా చోట ఉన్న వేరే చీమల్ని బతకనివ్వాలి. వానపడ్డ మర్నాడు నేనూ అత్తయ్యగారూ మేజోళ్ళు, బూట్లు వేసుకుని, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుని పెరడంతా తిరిగాం. కంచె పొడుగునా 4, చెట్టు మొదట్లో 1, మడి చుట్టూ 2, ఏసీ యంత్రం పక్కన 1. ఎకరంలో ఐదో వంతు స్థలంలో 8 పుట్టలు. చల్లాల్సిందే.

వాళ్ళు చెప్పే పద్ధతికి పేరే రెండడుగుల పద్ధతి. మొదటి అడుగు ఏడాదికి ఒకటి రెండు సార్లు పెరడంతా ఎర చల్లడం. రెండో అడుగు, వారం పది రోజులు ఆగి, ఇంకా ఇబ్బంది పెడుతున్న పుట్టలకి విడిగా మందు వెయ్యడం. చాలామంది రెండో అడుగుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నేనూ మరిగే నీళ్ళతో చేసింది అదే.

ఎర చల్లడంలో చెడేదంతా వేళ దగ్గరే చెడుతుంది. చీమలు తిండికి బయట తిరుగుతున్నప్పుడు చల్లాలి. నేల వేడి 70 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. డాలస్ ప్రాంతంలో అంటే ఏప్రిల్, మే ఒక విడత, సెప్టెంబర్, అక్టోబర్ ఒక విడత. ఎండాకాలంలో తప్పనిసరైతే పొద్దు వాలాక చల్లాలి, మధ్యాహ్నం వాటికీ నేల కాలుతుంది. తిరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక ఆలూ చిప్స్ ముక్క చాలు. దాన్ని పుట్టకి కాస్త దూరంగా గడ్డిలో పెట్టి వెళ్ళిపోండి. పది నిమిషాల నుంచి అరగంటలోపు చీమలు ముసిరితే చల్లవచ్చు. ముసరకపోతే డబ్బా మూత తియ్యకండి. మేం పెట్టిన ముక్కకి పన్నెండు నిమిషాల్లో పట్టాయి. అత్తయ్యగారు మెట్టు మీద కూర్చుని గడియారం చూస్తూ లెక్కపెట్టారు.

గడ్డి పొడిగా ఉండాలి, కనీసం ఆ రోజూ మర్నాడూ వాన ఉండకూడదు, స్ప్రింక్లర్లు ఆపెయ్యాలి. తడిస్తే నూనె పోతుంది, నూనె పోతే అది ఉత్త రవ్వ. డబ్బా కొత్తదై ఉండాలి. తెరిచిన డబ్బాని గ్యారేజీలో ఎండాకాలమంతా ఉంచితే నూనె మక్కి వాసన కొడుతుంది, పాత నూనెలో వేయించిన గారెని మనం పక్కన పెట్టినట్టే చీమలూ పక్కన పెడతాయి. పెట్రోలు డబ్బా పక్కన, వేరే పురుగు మందుల పక్కన పెట్టినా అంతే, ఆ వాసన పడుతుంది.

కొలత విషయంలో చాలామంది చెయ్యి జారేది ఇక్కడే. ఎకరానికి 1 నుంచి 1.5 పౌండ్లు, చాలా ఎరలకి ఇదే లెక్క. 1.5 పౌండ్లు అంటే 680 గ్రాములు. మా స్థలం ఎకరంలో ఐదో వంతు, అంటే 136 గ్రాములు. ఇల్లు, సిమెంటు దారి తీసేస్తే ఇంకా తక్కువ. వంటింటి కాటా మీద పాత గిన్నె పెట్టి తూచాను, ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాలేదు. తూచిన మందు చూసి ఇంత పెరడుకి ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే. చదరపు అడుగుకి నాలుగు పలుకులు పడినా చాలు, వాటిని వెతికి మోసుకెళ్ళడానికి చీమలు ఉన్నాయి. ఎరువు చల్లే పెద్ద బండి ఇంత తక్కువగా చల్లలేదు. చేతిలో పట్టుకుని పిడి తిప్పే చిన్న స్ప్రెడర్ కొని, అతి తక్కువ మీద పెట్టి, ఒకసారి నిలువునా ఒకసారి అడ్డంగా నడవండి. డబ్బా మీద వేరే కొలత ఉంటే డబ్బా చెప్పినదే చెయ్యండి. లేబుల్‌కి విరుద్ధంగా వాడటం ఇక్కడ చట్టవిరుద్ధం. పుట్టని తాకకండి, కదపకండి, దాని నెత్తిన ఎర పొయ్యకండి. కదిలిస్తే చీమలు యుద్ధానికి దిగుతాయి గానీ తిండికి దిగవు.

రెండో అడుగుకి మా పెరట్లో మిగిలినవి 3 పుట్టలు. ఇంటి తలుపుల దగ్గర, పిల్లలు ఆడే చోట, నడిచే దారిలో ఉన్నవాటికి మాత్రమే విడిగా మందు అవసరం. నీళ్ళలో కలిపి పోసేదైతే పుట్టకి 1 నుంచి 2 గ్యాలన్లు మెల్లగా, చీమల్ని రేపకుండా, పొయ్యాలి. చారెడు పోసి సరిపెడితే పైవి చస్తాయి, కిందవి ఇల్లు మారతాయి. పొడి మందు అసిఫేట్ రెండు మూడు రోజుల్లో పని చేస్తుంది గానీ కంపు కొడుతుంది, కూరగాయల దగ్గర వాడకూడదు. నారింజ తొక్కల నూనెతో చేసిన మందులు కూడా ఉన్నాయి, తాకిన చీమని వెంటనే చంపుతాయి, రసాయనం వద్దనుకునేవాళ్ళకి అదొక దారి. ఏసీ యంత్రం దగ్గరి పుట్టని వదలకూడదు. విద్యుత్ పెట్టెల్లోకి ఈ చీమలు దూరతాయి. కరెంటు తగిలి చచ్చే చీమ ఆపద వాసన వదులుతుంది, ఆ వాసనకి ఇంకొన్ని వస్తాయి, అవీ చస్తాయి, శవాల కుప్పతో మీట పని చెయ్యడం మానేస్తుంది. అక్కడ నీళ్ళు పొయ్యవద్దు, లోపల చెయ్యి పెట్టవద్దు. ఆ పని తెలిసినవాళ్ళని పిలవండి.

కూరగాయల మడి గురించి అత్తయ్యగారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. "ఆ మందు పడ్డ చోట కాసిన బీరకాయ మనవడికి పెట్టనా?" చాలా ఎర మందులకి కూరగాయల మడిలో వేసే అనుమతి లేదు. స్పైనోసాడ్ ఉన్న ఎరల్లో కొన్నింటికి ఉంది, లేబుల్ మీద ఆ మాట రాసి ఉందో లేదో చూసి కొనాలి. మేం అదీ వెయ్యలేదు. మడి బయట, చుట్టూ ఉన్న గడ్డిలోనే చల్లాం. మడిలో కాపురం ఉన్న చీమలు కూడా తిండికి సొరంగాల గుండా బయటికి వస్తాయి కాబట్టి అది చాలింది. మూడో వారానికి మడిలో ఒక్కటీ లేదు.

ఒకసారి పోయాక మళ్ళీ రావా అంటే, వస్తాయి. వాన వెలిసిన వెచ్చటి రోజుల్లో రెక్కల రాణులు ఎగురుతాయి, గాలిలోనే జత కట్టి, దిగిన చోట రెక్కలు రాల్చేసి నేల తవ్వుకుంటాయి. పక్కింటి పుట్ట నుంచి మన లాన్‌కి కంచె అడ్డం కాదు. అందుకే వీధి వీధంతా ఒకే వారంలో చల్లుకుంటే ఫలితం ఎక్కువకాలం నిలుస్తుంది. మీ కాలనీ సంఘంలో ఈ మాట ఎత్తండి, ఖర్చు ఇంటికి కొద్ది డాలర్లే. వరద వచ్చినా ఈ చీమ మునగదు. ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పలా అల్లుకుని, రాణినీ పిల్లల్నీ మధ్యలో పెట్టుకుని తేలుతుంది. 2017లో హార్వీ తుఫానప్పుడు హ్యూస్టన్ నీళ్ళ మీద ఎర్రటి తెప్పలు తేలడం చాలామంది చూశారు. వరద నీళ్ళలో నడవాల్సి వస్తే అలాంటి ఎర్ర తుక్కుకి దూరంగా ఉండండి. దక్షిణ అమెరికాలో ఈ చీమకి శత్రువైన బుల్లి ఈగల్ని 1990ల చివరి నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు. ఆ ఈగ చీమ ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల చీమ తలలోకి పాకి లోపలంతా తింటుంది, తల ఊడి పడుతుంది. ఈగ కనిపిస్తే చీమలు తిండి మానుకుని దాక్కుంటాయి. పెరడుని అవి శుభ్రం చెయ్యలేవు గానీ, స్థానిక చీమలకి కాస్త చోటు దొరుకుతుంది.

కుట్టాక ఏం చెయ్యాలో పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. పుట్ట దగ్గర నుంచి దూరంగా పరుగెత్తాలి, తుడిచెయ్యాలి, సబ్బుతో కడగాలి, చల్లటి గుడ్డ వెయ్యాలి. మర్నాటికి లేచే తెల్ల పొక్కుని గిల్లకూడదు. అందులో ఉన్నది మామూలు చీము కాదు, విషానికి చచ్చిన కణాలు. పొక్కు చితక్కుండా ఉంటే సాధారణంగా వారం పది రోజుల్లో ఎండిపోతుంది, చితికితేనే సూక్ష్మజీవులు చేరతాయి. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలు రోజూ దీపం వెలుగులో చూడండి, ఎర్రబడి వేడెక్కితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కొద్దిమందికి మాత్రం ఒంటి నిండా దద్దుర్లు, పెదవులూ గొంతూ వాయడం, ఆయాసం, కళ్ళు తిరగడం వస్తాయి. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యాలి, ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఉంటే వేసెయ్యాలి. ఒకసారి అలా అయినవాళ్ళు అలర్జీ డాక్టర్ని కలవాలి. ఈ చీమ విషానికి ఒంటిని మెల్లగా అలవాటు చేసే ఇంజెక్షన్ల చికిత్స ఉంది. నెలల పిల్లల్ని గడ్డి మీద దుప్పటి వేసి పడుకోబెట్టేవాళ్ళు ముందు ఆ చోటంతా నడిచి చూడండి. వాళ్ళు లేచి పరుగెత్తలేరు.

మందు చల్లిన రోజు అత్తయ్యగారు ఒక మాటన్నారు. "అక్కడ గుమ్మం ముందు బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది చీమలు తినడానికేనమ్మా. ఇక్కడ పిండిలో మందు కలిపి పెడుతున్నాం." ఆవిడ బాధపడుతున్నారని తెలిసింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. హార్వెస్టర్ చీమల గురించి, కొమ్ముల బల్లి గురించి, ఈ చీమ వచ్చాక ఇక్కడి నేల నుంచి తప్పుకున్నవాటి గురించి చెప్పాను. ఆవిడ విన్నారు. ఆ తరవాత నీళ్ళు పొయ్యడానికి బూట్లు లేకుండా దిగలేదు.

సెప్టెంబర్ చివర, ఆవిడ తిరుగు ప్రయాణానికి వారం ముందు, రెండో విడత అవసరమా అని చూడ్డానికి మళ్ళీ పెరడంతా తిరిగాం. కంచె మూలన ఒక్క పుట్ట. దానికి ఒక్కదానికే విడిగా మందు వేశాం, పెరడంతా చల్లలేదు. మడి పక్కన, ఏప్రిల్లో మన్ను పొంగిన చోట, ఆవిడే ఒక చిప్స్ ముక్క పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. పది నిమిషాలు ఏమీ రాలేదు. పదిహేనో నిమిషానికి నల్లటి చీమలు, నువ్వు గింజలో సగం కూడా ఉండనివి, సన్నటి బారుగా వచ్చాయి. మోనోమోరియం మినిమం అనే స్థానిక చీమ అది. తన కన్నా పెద్దదైన ఫైర్ యాంట్‌ని తిండి దగ్గర నుంచి విషం చూపించి తరమగలదు. కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ వంగి చూశారు. "ఇవి మన ఇంటి నల్ల చీమల్లాగే ఉన్నాయి" అని, లేచి వంటింట్లోకి వెళ్ళి చిటికెడు బియ్యప్పిండి తెచ్చి ఆ బారు పక్కన వేశారు.